రహదారి వానప్రస్థం

సాయంకాలం నాలుగు గంటలు దాటేసరికి అంబాజీపేట కొబ్బరి కొట్ల ముందు లారీలు వరుస తీరుతాయి. వలుపు కార్మికులు డొక్క తీసి పిలక మాత్రం ఉంచిన నీటికాయలు ఒకవైపు రాశులుగా పడి ఉంటాయి. మరొకవైపు నెలల తరబడి అటకల మీద ఎండిన కురిడీ కాయలు గోనెసంచుల్లోకి చేరుతూ ఉంటాయి. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపలి కురిడీ చిప్పకు తగిలి పలుకుతుంది. వ్యాపారులు చెప్పే రకాలలో ‘గండేరా’తోపాటు ‘గటగట’ అనే పేరు కూడా వినవస్తుంది. ఎగుమతి పని ముగిసి, పైన పట్టా కప్పి, తాళ్ళు బిగిస్తున్న వేళ లారీ చుట్టూ ఒకసారి నెమ్మదిగా తిరిగి వచ్చే పెద్దమనిషి ఒకరు చాలా కొట్ల దగ్గర కనబడతారు. ఆయన ముడిని లాగి చూస్తాడు. వెనుక టైరును కాలితో తడతాడు. స్టీరింగు ముందు కూర్చున్న కుర్రవానికి రెండు మాటలు చెబుతాడు. లారీ బయలుదేరుతుంది. ఆయన వెళ్ళడు. కొన్నేళ్ళ క్రితం వరకు ఆ సీటులో కూర్చున్నది ఆయనే.

ప్రభుత్వోద్యోగికి పదవీ విరమణ తేదీ ఉద్యోగంలో చేరిన నాడే సర్వీసు పుస్తకంలో నమోదవుతుంది. దండలు, శాలువా, వీడ్కోలు సభ ఆనాటికి సిద్ధమవుతాయి. లారీ డ్రైవరుకు అటువంటి తేదీ ఏ పుస్తకంలోనూ లేదు. అతడు విరమించడు, దూరాన్ని తగ్గించుకుంటూ వస్తాడు. ఢిల్లీ, జైపూర్ వరకు వెళ్ళినవాడు కొంతకాలానికి నాగపూర్‌తో ఆగుతాడు. ఆ తరువాత హైదరాబాదు, విశాఖపట్నం అతని సరిహద్దులవుతాయి. మరికొన్నాళ్ళకు రావులపాలెం దాటని బండి చూసుకుంటాడు. డ్రైవర్ల మాటలో చెప్పాలంటే ‘లైను దిగడం’ అంటే ఇదే. మన పూర్వులు గృహస్థాశ్రమానికీ సన్న్యాసానికీ నడుమ వానప్రస్థమనే దశ ఒకటి ఏర్పరిచారు. వానప్రస్థుడు అన్నీ విడిచినవాడు కాడు. భార్యను వెంట ఉంచుకోవచ్చు, అగ్నులను విడువనక్కరలేదు, ఇంటిని మాత్రం విడిచి అడవికి పోతాడు. లారీ డ్రైవరు వానప్రస్థం దీనికి తలకిందులు. నడివయస్సంతా బయట గడిపినవాడు ఆ వయస్సులో ఇంటికి వస్తాడు.

ఈ వృత్తి కోనసీమలో ఇంతగా వేరూనడానికి ఆ నేల స్వరూపమే కారణం. తూర్పున గౌతమి, పడమట వశిష్ఠ, నడుమ వైనతేయ, దక్షిణాన బంగాళాఖాతం. పండిన పంట ఏదైనా నీరు దాటితే తప్ప బయటి విపణిని చేరదు. 19వ శతాబ్ది మధ్యలో ధవళేశ్వరం ఆనకట్ట వచ్చిన తరువాత కాలువలే దారులయ్యాయి. కొబ్బరి, ధాన్యం పడవల మీద సాగాయి. ఆ పిదప పంట్లు వచ్చాయి. సఖినేటిపల్లి నుండి నరసాపురానికి వాహనాలను పంటు మీదికి ఎక్కించి వశిష్ఠను దాటించడం దశాబ్దాలపాటు సాగిన పని. జొన్నాడ, సిద్ధాంతం వంతెనలు, దిండి–చించినాడ వంతెన, 2002లో ప్రారంభమై బాలయోగి పేరు పెట్టుకున్న యానాం–ఎదుర్లంక వారధి ఒకటి తరువాత ఒకటిగా లారీకి దారి ఇచ్చాయి. రైలు సంగతి వేరు. కోటిపల్లి–నరసాపురం మార్గం మంజూరై రెండు దశాబ్దాలు దాటినా అమలాపురం వారు తమ ఊరిలో రైలు కూత వినలేదు. కనుక కోనసీమ కాయ ఉత్తర భారతంలోని దేవుని ముందు పగలాలంటే డ్రైవరు చేతి మీదుగానే పోవాలి.

కొబ్బరి లోడు నడపడం సులభమని చూసేవారికి అనిపిస్తుంది. ఇనుము వలె బరువుతో కుంగదీయదు. గాజు వలె బెదిరించదు. కాని గుండ్రని సరుకుకు ఒక గుణం ఉంది. విడికాయగా నింపిన లోడు మలుపులో ఒకవైపు ఒరిగితే తిరిగి తనంతట తాను సర్దుకోదు. నీటికాయకు ఎండ, వడగాలి శత్రువులు. చిప్ప పగిలి నీరు కారిందంటే ఆ కాయ వెల పోయినట్లే. కురిడీకి తడి శత్రువు. పట్టాలో చిన్న చిరుగున్నా వాన కారి బూజు పడుతుంది. కాయ కళ్ళను కాపాడడానికే వలిచేటప్పుడు పిలక ఉంచుతారు. ఇవన్నీ తెలిసిన డ్రైవరు వేసవిలో తెలంగాణ, విదర్భల మీదుగా పగటిపూట సాగడు. రాత్రి నడిపి, మధ్యాహ్నం చెట్టు నీడన నిలుపుతాడు. శ్రావణం మొదలు దసరా, దీపావళి దాకా ఉత్తరాదిన కొబ్బరికి గిరాకీ హెచ్చు. ఆ నెలల్లోనే వానలు కూడా. కనుక గిరాకీ మిక్కుటమైన కాలమే డ్రైవరుకు కష్టకాలం. ఇంటి పండుగకు ఇంట్లో ఉన్న లైను డ్రైవరు అరుదు.

ఆ రాత్రుల జీవితం గురించి కొంత చెప్పుకోవాలి. పాతతరం డ్రైవరు సీటు వెనుక బియ్యపు సంచి, ఆవకాయ జాడీ, కిరసనాయిలు స్టవ్వు, గిన్నె ఉండేవి. గోదావరి దాటిన రెండో రోజు నుండి రొట్టెల దేశం. ఢాబాలో పప్పు, రొట్టె దొరికినా అన్నం తిన్నట్లు ఉండదు. అందుచేత రోడ్డు పక్క నీటి వసతి చూసుకొని క్లీనరు వంట మొదలుపెట్టేవాడు. ఏ బావి నీరు తియ్యన, ఏ ఢాబా యజమాని లారీలో సరుకుకు కూడా కాపలా ఉంటాడు, ఏ మలుపు దగ్గర అర్ధరాత్రి ఆగకూడదు అనే జ్ఞానమంతా ఒక తరం నుండి మరొక తరానికి నోటిమాటగా చేరేది. హైదరాబాదు నుండి నాగపూర్ పోయే దారిని ఇప్పుడు 44వ నంబరు జాతీయ రహదారి అంటున్నారు; 2010 వరకు అది ఏడవ నంబరు. ఆ దారిలో నిర్మల్ ఘాటును ఏ గేరులో దిగాలో పుస్తకం చూసి నేర్చుకున్నవారు లేరు. పక్కన కూర్చున్న క్లీనరు చూసి నేర్చుకొన్నాడు.

ఇక్కడ ఒక పాత మాట గుర్తుకు రాక మానదు. మన పురాణాలలో సూతుడు రథం తోలేవాడు, కథ చెప్పేవాడు కూడా. నన్నయ భారతాన్ని తెలుగు చేసినప్పుడు నైమిశారణ్యంలో శౌనకాదులకు ఆ కథ వినిపించినవాడు సూతకుమారుడైన ఉగ్రశ్రవసుడే. రథమూ కథా ఒకే కులవృత్తిలో చేరడం కాకతాళీయం కాదేమో! దారి పొడవైనకొద్దీ మాట అవసరమవుతుంది. రాజమహేంద్రవర ప్రాంతానికి చెందిన మధిర సుబ్బన్న దీక్షితులు కూర్చిన ‘కాశీమజిలీ కథలు’ ఈ సత్యం మీదనే నిలిచాయి. మణిసిద్ధుడనే యతి కాశికి బయలుదేరి తోడు రమ్మని ఒక గోపబాలుణ్ణి అడుగుతాడు. మజిలీ మజిలీకి కథ చెబితేనే వస్తానని ఆ కుర్రవాడు షరతు పెడతాడు. పెద్ద డ్రైవరుకూ క్లీనరుకూ నడుమ ఉన్న ఒడంబడిక కూడా ఇంచుమించు అదే. జీతం స్వల్పం, చాకిరి హెచ్చు; ప్రతిఫలం పెద్దాయన నోటి నుండి వచ్చే విద్య.

ఆ ఒడంబడిక ఇప్పుడు సడలిపోయింది. నేషనల్ పర్మిట్ లారీలో ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న నియమం 2018 వరకు ఉండేది. ఆ నియమాన్ని అందరూ పాటించారని చెప్పలేము గాని, దాని చలువ వలన యాభై అయిదేళ్ళ మనిషికి లారీలో ఒక చోటు దొరికేది. రాత్రి భాగం చిన్నవాడు, తెల్లవారుజాము నుండి పెద్దవాడు నడుపుతూ, ఒకరు నిద్రిస్తుంటే ఒకరు మెలకువగా ఉండేవారు. కొత్త లారీల భద్రత పెరిగిందని, రవాణా ఖర్చు తగ్గాలని ఆ నియమాన్ని తొలగించారు. క్లీనరును పెట్టుకోవడం కూడా యజమానికి భారమైంది. ఇప్పుడు చాలా లారీలలో ఒక్కడే మనిషి. నేర్పేవాడు లేడు, నేర్చుకొనేవాడూ లేడు. సగం విశ్రాంతిగా సగం పనిగా గడపడానికి పెద్ద డ్రైవరుకు ఉండిన ఆ రెండవ సీటు ఖాళీ అయిపోయింది. పాతికేళ్ళలో ఈ వృత్తిలో వచ్చిన మార్పులన్నింటిలోనూ పెద్దది ఇదే. రోడ్లు వెడల్పు కావడం దీని ముందు చిన్న విషయం.

చెక్‌పోస్టుల సంగతి మరొకటి. ఒడిశా సరిహద్దున ఇచ్ఛాపురం దగ్గర లారీలు బారులు తీరి గంటల తరబడి నిలిచిన రోజులు పెద్దవారికి తెలుసు. 2017 జూలై 1న వస్తుసేవల పన్ను వచ్చి అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు తొలగిపోయాయి. 2021 ఫిబ్రవరి నుండి టోల్‌గేట్ల దగ్గర ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. దేశానికి ఇది మేలే. అయితే ఆ నిరీక్షణలో డ్రైవరు గంటో రెండు గంటలో కునుకు తీసేవాడన్న విషయం లెక్కల్లోకి రాలేదు. లారీ ఎక్కడుందో యజమాని ఇప్పుడు ఫోనులోనే చూస్తాడు. ఆగిన చోటల్లా “ఎందుకాగావు?” అనే ప్రశ్న వస్తుంది. ముప్పయ్యేళ్ళవాడు ఆ ప్రశ్నకు బదులు చెప్పి ముందుకు సాగుతాడు. యాభై ఎనిమిదేళ్ళవాడికి నడుము ఆగమంటుంది.

నడుము కన్న ముందు హెచ్చరించేవి కళ్ళు. వయస్సుతోపాటు కంటిపాప చీకటిలో మునుపటివలె విప్పారదు. లోపలి కటకం పసుపుబారి, మెల్లగా మసకబారుతుంది. ఎదురువచ్చే బండి లైట్ల తళుకు తగిలిన తరువాత చూపు తిరిగి నిలదొక్కుకోవడానికి పట్టే కాలం పెరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే లారీ సెకనుకు సుమారు 17 మీటర్లు సాగుతుంది. చూపు కుదురుకోవడానికి మూడు సెకన్లు పడితే, 50 మీటర్ల దూరం ఆ లారీ గుడ్డిగా నడిచినట్లే. ఆ 50 మీటర్లలో దీపం లేని ఎడ్లబండి ఉండవచ్చు. సైకిలు మీద పాలవాడు ఉండవచ్చు. ఆగిపోయిన మరొక లారీ ఉండవచ్చు. దీనికి మధుమేహం తోడైతే కంటి వెనుక పొర కూడా దెబ్బతింటుంది. తన చూపు తగ్గిందని డ్రైవరుకు వైద్యుని కన్న ముందే తెలుస్తుంది. ఆ సంగతి అతడు ఎవరితోనూ అనడు. చెబితే బండి పోతుంది.

చట్టంలో డ్రైవరుకు పై వయోపరిమితి లేదు. రవాణా వాహనం నడపడానికి కనీసం 20 ఏళ్ళు నిండాలంటుంది గాని, ఎన్నేళ్ళకు దిగాలో చెప్పదు. లైసెన్సును మాత్రం గడువుకొకసారి కొత్తచేయించుకోవాలి. అది పూర్వం మూడేళ్ళకు ఒకసారి. 2019 సవరణ తరువాత అయిదేళ్ళకు ఒకసారి. ఆ సమయంలో వైద్యుడు చూపును, వినికిడిని, అవయవ పటుత్వాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇవ్వాలి. నిజానికి డ్రైవరు పదవీ విరమణను నిర్ణయించే అధికారి ఆ వైద్యుడే. పరీక్ష నిజాయితీగా జరిగిన చోట కంటిపొర తీయించుకొని తిరిగి చక్కగా నడిపేవారు ఉంటారు. సంతకంతో సరిపెట్టిన చోట ఆ కాగితం ఎదురువచ్చేవాని ప్రాణం మీదికి తెస్తుంది. అయిదేళ్ళ గడువు యాభై అయిదు దాటినవారికి మరీ దీర్ఘం కాదా అని ఆలోచించవలసి ఉంది.

పనిగంటల విషయంలో మన దేశంలో శాసనం లేకపోలేదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని హద్దు గీసింది. దూరప్రయాణాలకు రోజుకు 10 గంటల వరకు సడలింపు ఇచ్చింది. ఏకబిగిన అయిదు గంటలు మించకుండా మధ్య అరగంట విరామం ఉండాలన్నది. 2025 నవంబరులో అమలులోకి వచ్చిన కార్మిక స్మృతులలో ఈ చట్టం లీనమైంది. అయితే అది అమలులో ఉన్న కాలమంతా అయిదుగురు లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థలకే వర్తించింది. ఒక లారీ, రెండు లారీలు గల యజమానుల దగ్గర పనిచేసేవారు ఆ గీతకు బయటే ఉండిపోయారు. ఐరోపా సమాఖ్యలో లారీ డ్రైవరు సాధారణంగా రోజుకు 9 గంటలకు మించి నడపరాదు. నాలుగున్నర గంటలకు ఒకసారి 45 నిమిషాలు ఆగి తీరాలి. ఆ లెక్కను బండిలోని యంత్రమే రాసుకుంటుంది. అక్కడ ఆగడం డ్రైవరు హక్కు. ఇక్కడ అది అతడు యజమానికి చెప్పుకోవలసిన సంజాయిషీ. 2025 అక్టోబరు 1 నుండి తయారయ్యే లారీల క్యాబిన్‌లో ఏసీ ఉండాలన్న నియమం వచ్చింది. మంచిదే. ఆ చల్లదనం మాత్రం ఈనాటి కుర్రవారి వంతు. వేసవి వేడి ఇంజను పక్కన మోకాళ్ళు కాల్చుకున్న తరం దిగిపోతున్నది.

దిగినవారు ఏమి చేస్తున్నారు? అమలాపురం, రాజోలు, కొత్తపేట పరిసరాలలో చూసేవారికి వారు రోజూ కనబడతారు, గుర్తించడమే లేదు. ఉదయం ఏడున్నరకు కాలువ గట్టు మీద నెమ్మదిగా వచ్చే బడి బస్సును నడిపేవారిలో వారుంటారు. గట్టు రోడ్డు ఇరుకు. ఒకవైపు కాలువ, మరొకవైపు కొబ్బరితోట పల్లం. ఎదురుగా ట్రాక్టరు వస్తే వంద గజాలు వెనక్కి పోనివ్వగల నేర్పు కావాలి. ఆ నేర్పు పెద్దవారికి ఉంది. 2005లో విపణిలోకి వచ్చిన టాటా ఏస్ వంటి చిన్నబండ్లు వారికి మరొక ఆధారమయ్యాయి. తోటలో దింపు తీసిన కాయలను కొట్టుకు చేర్చడం, రావులపాలెం మార్కెట్టుకు అరటి గెలలు వేయడం వీటితో తెమిలే పనులు. పొద్దున్న పోతే మధ్యాహ్నానికి ఇల్లు. ఆదాయం లైనులో వచ్చినంత కాదు. ట్రిప్పుకింత, బత్తా ఇంత అని లెక్క చూసుకున్నవారికి నెల జీతం చిన్నదిగా కనబడుతుంది. బాగా ముట్టే పని రొయ్యల వ్యాన్లలో ఉంది. కాని మంచు కరిగేలోగా చేరాలని రాత్రిపూట తొందరపెట్టే ఆ బండి జోలికి తెలివైన పెద్దవాడు పోడు.

లైను దిగినవానికి వెనుక నిలిచే సొమ్ము ఏమిటన్నది క్లిష్టమైన ప్రశ్న. యజమాని మారినప్పుడల్లా కొత్తగా మొదలయ్యే ఉద్యోగంలో భవిష్యనిధి పోగుపడే అవకాశం తక్కువ. అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం 2019లో ప్రారంభించిన శ్రమయోగి మాన్‌ధన్ పథకం 60 ఏళ్ళు నిండాక నెలకు 3,000 రూపాయల పింఛను ఇస్తానంటుంది. అయితే చేరేనాటికి వయస్సు 18, 40 ఏళ్ళ మధ్య ఉండాలి. అది వచ్చేనాటికే నలభై దాటినవారికి తలుపు మూసుకుంది. రాష్ట్రంలో ఆటో, ట్యాక్సీ నడుపుకొనేవారికి 2019లో ఏటా 10,000 రూపాయలు, 2025లో 15,000 రూపాయలు సహాయం ప్రకటించారు. ఆ పథకాలు ప్రయాణికుల బండ్లకు చెందినవి. సరుకు లారీ మీద జీతానికి పనిచేసేవాడు ఏ పట్టికలోనూ లేడు. మిగిలింది 60 ఏళ్ళు నిండిన అర్హులకు ఇచ్చే వృద్ధాప్య పింఛను. 2024 జూలై నుండి అది నెలకు 4,000 రూపాయలు. యాభై అయిదేళ్ళకు చూపు మందగించినవాడు అరవై దాకా ఏమి తిని బ్రతకాలన్నదే చిక్కు. రాత్రి కనబడకపోయినా లైను దిగనివారు మొండితనంతో అలా చేస్తున్నారనుకోవడం పొరపాటు. ఆ అయిదేళ్ళ ఖాళీయే వారిని సీటులో కూర్చోబెడుతున్నది.

కోనసీమలో డ్రైవర్లంటే లారీవారే కారు. కువైట్ మొదలైన గల్ఫ్ దేశాలలో ఇంటి డ్రైవర్లుగా ఏళ్ళు గడిపి, యాభైలలో తిరిగి వచ్చినవారు ఊరూరా ఉన్నారు. అక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. చేతులకు అలవాటైన ఆ పద్ధతిని మరచి, ఎడమవైపున సాగే మన కాలువ గట్టు రోడ్డు మీద మళ్ళీ విద్యార్థి కావలసి వస్తుంది. పెళ్ళిళ్ళకు, ఆసుపత్రులకు, విమానాశ్రయానికి అద్దెకార్లు నడిపేవారిలో వీరు హెచ్చు. అయినవిల్లి, అప్పనపల్లి, అంతర్వేది క్షేత్రాలను చూడవచ్చే యాత్రికులు, ఏడు శనివారాల మొక్కుతో వాడపల్లి వెంకన్న దగ్గరకు వచ్చే భక్తులు వారికి పని కల్పిస్తున్నారు.

అన్నింటిలోనూ పెద్ద డ్రైవర్లు మనసుపడి చేసే పని కాశీయాత్ర బస్సు. ఊరిలోని పెద్దలు నలభై మంది కూడి ఒక బస్సు కుదుర్చుకుంటారు. వంటవారు, గ్యాసు పొయ్యి, బియ్యం, పప్పు, పచ్చళ్ళు బస్సులోనే. ఆ ప్రయాణానికి వేగంగా నడిపేవాడు అక్కరలేదు. ముసలమ్మకు దాహమైతే ఆగేవాడు, నలభై మందికి స్నానానికి నీరున్న చోటు ఎరిగినవాడు, నాగపూర్ దాటాక హిందీలో పోలీసుతో, పెట్రోలు బంకువానితో నిదానంగా మాట్లాడగలవాడు కావాలి. ఆ అర్హతలన్నీ లైను దిగిన లారీ డ్రైవరుకే ఉన్నాయి. లారీలో పోయినన్నాళ్ళు కాశీ అతనికి బైపాసు రోడ్డు మీది ఒక బోర్డు మాత్రమే. లోడు దింపే గొడవలో గంగను చూడని ట్రిప్పులు ఎన్నో. యాత్రికులతో వెళ్ళినప్పుడు తానూ మెట్లు దిగి మునుగుతాడు.

ఈ దారి తెలుగువారికి కొత్తది కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్ళ ప్రాయం. వెళ్ళేటప్పుడు హైదరాబాదు, నాగపూర్ మీదుగా, వచ్చేటప్పుడు కలకత్తా, పురీ మీదుగా తూర్పు తీరం వెంబడి సాగాడు. ఇంచుమించు నేటి 44వ, 16వ నంబరు రహదారుల బాటే అది. 1838లో అచ్చయిన ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ నిండా మజిలీల వివరాలే: ఎక్కడ నీరు మంచిది, ఎక్కడ బియ్యం దొరుకుతుంది, ఎక్కడ దారి చెడ్డది. పల్లకీ మోసిన బోయీలకు కూడా ఇవన్నీ తెలిసే ఉంటాయి. వారు పుస్తకం రాయలేదు. మన డ్రైవర్లూ రాయలేదు.

అర్ధవిశ్రాంతిలో రోడ్డునే ఇల్లు చేసుకున్నవారు ఇతర దేశాలలోనూ ఉన్నారు. 2008 నాటి ఆర్థిక మాంద్యంలో ఇళ్ళు, పొదుపు కోల్పోయిన అమెరికా వృద్ధులు కొందరు వ్యాన్లలో నివసిస్తూ, ఋతువును బట్టి బీట్‌దుంపల కోతకు, గిడ్డంగుల పనికి, విడిది స్థలాల కాపలాకు రాష్ట్రం నుండి రాష్ట్రానికి తిరుగుతారు. జెస్సికా బ్రూడర్ 2017లో ‘నోమాడ్‌లాండ్’ అనే గ్రంథంలో వారి జీవితాన్ని చిత్రించింది. దాని ఆధారంగా వచ్చిన చలనచిత్రం 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ పొందింది. వారు ఇల్లు లేక రోడ్డెక్కినవారు. కోనసీమ డ్రైవరుకు పెంకుటిల్లో, డాబాయో ఉంది. రోడ్డు మీద సంపాదించి కట్టినదే అది. దానిలో ఉండడమే అతనికి తెలియదు.

ఇంటికి వచ్చిన తొలి సంవత్సరం సుఖంగా గడవదు. పాతికేళ్ళుగా పాలు, నూనె, పిల్లల ఫీజు, బంధువుల పెళ్ళి అన్నీ ఒంటిచేత్తో నడిపిన ఇల్లాలికి, మధ్యాహ్నం పూట వీధి అరుగు మీద కూర్చున్న భర్త కొత్త మనిషి. లారీ మీద ఉన్నప్పుడు నెలకు మూడు రోజులు చుట్టంలా వచ్చి, స్వీట్లు తెచ్చి, మళ్ళీ వెళ్ళిపోయేవాడు. ఇప్పుడు కూర ఉప్పగా ఉందంటాడు. పిల్లలకు తండ్రి కన్న తండ్రి ఫోను గొంతే ఎక్కువ పరిచయం. నిద్ర కూడా దారికి రాదు. రాత్రి మేలుకొని పగలు పడుకున్న శరీరం తొందరగా మారదు. తెల్లవారుజామున మూడింటికి లేచి వాకిట్లో పచార్లు చేసేవారున్నారు. మనవడో మనవరాలో చేతికి వచ్చాక కాని కొందరు ఇంట్లో కుదురుకోరు.

ఏ రాత్రి రెండు గంటలకో ఫోను మోగుతుంది. ఇల్లాలు ఉలిక్కిపడి లేస్తుంది. లారీ ఇంటివారికి ఆ వేళ వచ్చే ఫోనంటే భయం. అవతల క్లీనరుగా చేరి డ్రైవరైన కుర్రవాడు. “బాబాయ్, పండుకున్నావా? నిర్మల్ దాటానండి. బండి ఎడమవైపు లాగుతోంది. లోడు ఒరిగినట్టుంది.” పెద్దాయన మంచం మీద లేచి కూర్చుంటాడు. పక్కకు తీసి నిలిపావా, తాడు ఏ పక్క వదులైంది, వెనుక టైరు చెయ్యి పెట్టి చూశావా, కాలుతోందా అని ఒక్కొక్కటే అడుగుతాడు. “తెల్లారేదాకా కదలకు. ముందు ఓ రెండు కిలోమీటర్లలో మనవాళ్ళ ఢాబా ఉంది, అక్కడికి చిన్నగా తీసుకుపో. ఓనరు ఫోను చేస్తే నాకు ఇమ్మను.” ఫోను పక్కన పెట్టాక ఆయనకు నిద్ర పట్టదు. దీపం ఆర్పమని భార్య అంటుంది. ఆ ఢాబా ఇంకా ఉందో, రోడ్డు వెడల్పు చేసినప్పుడు తీసేశారో గుర్తు తెచ్చుకుంటూ ఆయన తెల్లవారే దాకా కూర్చుంటాడు.